పిల్లల చెవికి పుల్ల వద్దు, మన చూపు చాలు

వానలు పడి, సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలి, కోదాడ చుట్టూ నాట్లు ఊపందుకునే రోజుల్లోనే పిల్లలకు జలుబులు కూడా మొదలవుతాయి. ముక్కు కారుతుంటే ఒకటి రెండు రోజులు చూస్తాం. మూడో రోజు రాత్రి పిల్ల చెవి పట్టుకుని ఏడవడం మొదలుపెడుతుంది. ఇంటిల్లిపాదీ లేస్తారు. వెల్లుల్లి వేసి నూనె కాచమని ఒకరంటారు. గులిమి గట్టిపడి ఉంటుంది, పుల్లతో తీయమని ఇంకొకరంటారు. అందరూ ప్రేమతోనే అంటారు. కానీ నొప్పి పుట్టిన చోటికి ఆ నూనె చేరదు, ఆ పుల్ల చేరకూడదు. ఎందుకో తెలియాలంటే చెవి ఎలా కట్టి ఉందో కాస్త తెలియాలి. బడిలో చదివి, పరీక్ష రాసి మరిచిపోయిన పాఠమే అది. అమ్మానాన్నలయ్యాక మళ్లీ ఒకసారి చదువుకోవాలి.

ఒక మాట ముందే చెబుతాను. పిల్లల చెవికి మనం చేయాల్సిన పని చాలా తక్కువ, గమనించాల్సింది చాలా ఎక్కువ. మన ఇళ్లలో ఇది తారుమారైంది. గులిమి తీయడం, నూనె పోయడం, ఊదడం లాంటి పనులు శ్రద్ధగా చేస్తున్నాం. పిల్లకు సరిగా వినిపిస్తోందా లేదా అన్నది మాత్రం నెలల తరబడి పట్టించుకోవడం లేదు.

దొప్ప, తమ్మె

బయటికి కనిపించేది చెవి దొప్ప. వంచితే వంగి, వదిలితే మళ్లీ నిలబడే మృదులాస్థి అది. ఈ మృదులాస్థికి సొంత రక్తనాళాలు ఉండవు. మీద అంటుకుని ఉన్న పలుచటి పొర నుంచే దానికి పోషణ అందాలి. కింద వేలాడే తమ్మెలో మృదులాస్థి లేదు, కొవ్వూ చర్మమే ఉంటాయి. రక్తం బాగా అందుతుంది కాబట్టి తమ్మె కుట్టిన గాయం తొందరగా మానుతుంది. ఆరో నెలలోనో ఏడో నెలలోనో పిల్లలకు చెవులు కుట్టాలని సుశ్రుత సంహితే చెప్పింది. చెవి తెగితే అతికించే పద్ధతులు కూడా అందులో ఉన్నాయి. ఆ ఆచారాన్ని మనం హాయిగా కొనసాగించవచ్చు. తమ్మెకే కుట్టించండి, శుభ్రమైన కొత్త సూదితో కుట్టించండి, టీకాలు సరిగా పడ్డాకే కుట్టించండి. దొప్ప పైభాగంలో కుట్టించాలని పెద్ద పిల్లలు ముచ్చట పడితే నచ్చజెప్పండి. అక్కడ చీము పడితే పోషణ ఆగి మృదులాస్థి కరిగిపోతుంది, దొప్ప ముడుచుకుపోతుంది. చెవి మెలిపెట్టడం కూడా మంచిది కాదు. గట్టిగా నలిగితే ఆ పొర కింద రక్తం చేరుతుంది. దాన్ని తీయించకపోతే చెవి ఆకారం శాశ్వతంగా చెడుతుంది.

గులిమి మురికి కాదు

దొప్ప నుంచి కర్ణభేరి దాకా వెళ్లే నాళం పెద్దవాళ్లలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అది తిన్నగా ఉండదు, కొంచెం వంపు తిరిగి ఉంటుంది. బయటి మూడో వంతు మృదులాస్థి, లోపలి రెండు వంతులు ఎముక. గులిమిని తయారుచేసే గ్రంథులు, సన్నటి వెంట్రుకలు బయటి మూడో వంతులోనే ఉంటాయి. లోపలి భాగంలో గులిమి పుట్టదు. కర్ణభేరి దగ్గర గులిమి ముద్దగా పేరుకుందంటే చాలావరకు అది ఎవరో పుల్లతోనో బడ్‌తోనో లోపలికి నెట్టినదే.

గులిమి దుమ్మును పట్టి ఉంచుతుంది, నీటిని లోపలికి దిగనివ్వదు, సూక్ష్మజీవులను, బూజును పెరగనివ్వదు. నాళంలోని చర్మానికి ఒంట్లో మరెక్కడా లేని గుణం ఒకటుంది. అది కర్ణభేరి మధ్య నుంచి మొదలై మెల్లగా బయటి వైపు జరుగుతూ వస్తుంది. పాత గులిమిని, రాలిన చర్మాన్ని తనతో పాటే గుమ్మం దాకా తెస్తుంది. నమలడం, మాట్లాడడం వల్ల కదిలే దవడ కూడా అందుకు సాయపడుతుంది. బయటికి వచ్చినదాన్ని స్నానం తర్వాత తువ్వాలు కొసతో తుడిస్తే సరిపోతుంది. ఇయర్ బడ్, అగ్గిపుల్ల, తలపిన్ను, పిన్నీసు, కోడి ఈక ఏదీ లోపలికి పోనక్కర్లేదు. ఎముక మీద ఉన్న చర్మం చాలా పలుచన, ఇట్టే గీసుకుపోతుంది. పిల్ల ఒక్కసారి తల తిప్పితే పుల్ల కర్ణభేరిలో దిగుతుంది. గులిమి నిజంగానే గట్టిపడి చెవి మూసుకుపోతే డాక్టరు దాన్ని మెత్తబరిచే చుక్కలు ఇచ్చి, తర్వాత నీటితోనో సక్షన్‌తోనో తీస్తారు.

పసిపిల్లలకు నలుగు పెట్టి, కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోయడం మనకు అలవాటు. అది తల్లీబిడ్డలకు మంచి సమయం కూడా. ఆ తర్వాత చెవిలో నూనె చుక్క వేయడం, నోటితో ఊదడం మాత్రం మానేయండి. కాచిన నూనె వేడికి నాళం కాలుతుంది. తేమ ఉన్న చెవిలో నూనె తోడైతే బూజు పెరుగుతుంది. కర్ణభేరికి రంధ్రం ఉంటే నూనె ఏకంగా మధ్య చెవిలోకి దిగుతుంది. ఎండాకాలం బావిలోనో కాలువలోనో ఈత కొట్టి వచ్చిన పిల్లలను తల పక్కకు వంచమని చెప్పి, బయటి నీరు తుడవండి, అంతే. చెవి ముందున్న చిన్న బుడిపెను నొక్కినా దొప్పను లాగినా పిల్ల కెవ్వుమంటే సాధారణంగా ఆ నొప్పి నాళానిది. జలుబుతో వచ్చిన మధ్య చెవి నొప్పి సాధారణంగా దొప్పను తాకినంత మాత్రాన పెరగదు. ఈ తేడా గమనించి డాక్టరుకు చెబితే ఆయన పని తేలికవుతుంది.

వరికోతల కాలంలో పిల్లల చెవుల్లో వడ్లగింజలు, పెసలు, శనగలు దూరుతుంటాయి. పూసలు, బలపం ముక్కలైతే ఏడాది పొడవునా. గింజ దూరితే నీళ్లు పోయకండి, నానితే ఉబ్బి నాళాన్ని బిగదీస్తుంది. పట్టకారుతో లాగే ప్రయత్నం వద్దు, ఇంకా లోపలికి జారుతుంది. బతికున్న పురుగు దూరి పిల్ల అల్లాడుతుంటే, అంతకుముందు చీము కారిన చెవి కాకపోతే, కొన్ని చుక్కలు వేడి చేయని కొబ్బరినూనె వేయవచ్చు. పురుగు చచ్చి కదలిక ఆగుతుంది. తీయాల్సింది డాక్టరే. బొమ్మల్లో, గడియారాల్లో ఉండే గుండీ బ్యాటరీ చెవిలో పడితే ఏ చుక్కలూ వేయకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. తేమ తగలగానే అది చర్మాన్ని కాల్చడం మొదలుపెడుతుంది, కొన్ని గంటల్లో కర్ణభేరి దాకా పాడుచేయగలదు.

కర్ణభేరి వెనక

నాళం చివర కర్ణభేరి. అడ్డంగా, నిలువుగా ఒక సెంటీమీటరు కూడా ఉండదు. మందం మిల్లీమీటరులో పదో వంతు. దాని వెనక గాలి నిండిన చిన్న గది ఉంటుంది, అదే మధ్య చెవి. అందులో వరసగా మూడు ఎముకలు ఉంటాయి. బడి పుస్తకాల్లో కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి అని చదివినవి అవే. మూడోది ఒంట్లోని ఎముకలన్నిటిలోకీ చిన్నది, దాదాపు 3 మిల్లీమీటర్లు. లోపలి చెవిలో ఉన్నది ద్రవం. గాలిలో వచ్చిన శబ్దం నేరుగా ద్రవాన్ని తాకితే దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది. అలా పోకుండా, కర్ణభేరి మీద పడిన ఒత్తిడిని ఈ మూడు ఎముకలు కలిసి 20 రెట్లకు పైగా పెంచి లోపలికి అందిస్తాయి. మన పిలుపు బిడ్డ మెదడుకు చేరేది ఈ దారిలోనే.

అందుకే చెంపదెబ్బ గురించి గట్టిగా చెప్పాలి. అరచేయి చెవి మీద పడితే నాళంలోని గాలి ఒక్కసారిగా లోపలికి నొక్కుకుని కర్ణభేరి చిరుగుతుంది. గూబ గుయ్యిమనిపించాననే మాట కోపంలో తేలిగ్గా వచ్చేస్తుంది, చిరిగిన పొర మానడానికి వారాలు పడుతుంది. కొన్ని చెవులు మానవు. బడిలో పిల్లలను కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఇంట్లో ఆ పని మనమే మానాలి. దెబ్బ తగిలాక చెవిలో రక్తం చుక్క కనిపించినా, హోరు వినిపిస్తోందని పిల్ల చెప్పినా చెవిలో ఏమీ వేయకండి, నీరు పోనివ్వకండి, ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

వాలు లేని కాలువ

మధ్య చెవి గది నుంచి ముక్కు వెనక భాగానికి ఒక గొట్టం ఉంది. 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు యూస్టేషి పేరు మీద దాన్ని యూస్టేషియన్ నాళం అంటారు. మనం మింగినప్పుడు, ఆవలించినప్పుడు అది తెరుచుకుని గదిలోకి గాలి వెళుతుంది, లోపలి తేమ గొంతులోకి దిగుతుంది. మూడు ఎముకలూ, కర్ణభేరీ బిడ్డ పుట్టేసరికే దాదాపు పెద్దవాళ్ల సైజులో ఉంటాయి. ఈ నాళం మాత్రం పసివాళ్లలో పెద్దవాళ్లలో ఉన్నదాంట్లో సగం పొడవే ఉంటుంది. పెద్దల్లో సుమారు 45 డిగ్రీలు కిందికి వాలి ఉంటే, పసివాళ్లలో 10 డిగ్రీలే వాలుతుంది. వాలు లేని పంటకాలువలో నీళ్లు నిలిచిపోయినట్టే జలుబు చేసినప్పుడు ఆ నాళంలో, దాని వెనకున్న గదిలో ద్రవం నిలిచిపోతుంది. ముక్కులోని సూక్ష్మజీవులు ఆ దారిలోనే పైకి వస్తాయి. ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు వాచి ఉంటే నాళం మూతి కూడా మూసుకుపోతుంది. పిల్లకు ఏడేళ్లు వచ్చేసరికి నాళం పొడవు, వాలు బాగా కుదురుకుంటాయి. అందుకే చిన్నప్పుడు తరచూ వచ్చే చెవి పోటు పెద్దయ్యాక తగ్గుతుంది.

ఇప్పుడు ఆ రాత్రి నొప్పికి కారణం తెలిసింది కదా. నొప్పి ఉన్నది కర్ణభేరికి అవతల, బయటి నుంచి పోసిన నూనె చేరేది ఇవతలి దాకానే. ఆ రాత్రికి చేయాల్సింది ఏమిటంటే, బిడ్డ బరువును బట్టి డాక్టరు ముందే చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇవ్వండి, తల కొంచెం ఎత్తులో పెట్టి పడుకోబెట్టండి, పాలో నీళ్లో తాగించండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి. తెల్లవారాక డాక్టరుకు చూపించండి. చాలా చెవులు రెండు మూడు రోజుల్లో వాటంతటవే కుదుటపడతాయి. యాంటీబయాటిక్ కావాలో వద్దో చెవిలోకి చూసిన డాక్టరే చెప్పాలి. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకోకండి. ఆరు నెలల లోపు పసికందుకు జ్వరం ఉంటే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లండి.

ఈ నొప్పి మళ్లీ మళ్లీ రాకుండా ఇంట్లో చేయగలిగినవీ ఉన్నాయి. మొదటి ఆరు నెలలూ తల్లిపాలే పట్టండి. సీసాపాలు తప్పకపోతే పడుకోబెట్టి పట్టకండి, తల ఎత్తి పట్టుకోండి. ఇంట్లో బీడీ, సిగరెట్ పొగ, కట్టెల పొయ్యి పొగ పిల్లల దగ్గరికి రానివ్వకండి. టీకాలన్నీ సమయానికి వేయించండి. ప్రభుత్వం ఉచితంగా వేసే న్యూమోకాకల్ టీకా, తట్టు టీకా చెవిని కూడా కాపాడతాయి. ముక్కు చీదేటప్పుడు రెండు రంధ్రాలూ మూసి గట్టిగా చీదకుండా ఒక్కో వైపు మెల్లగా చీదడం నేర్పండి.

చీము కారితే

ఒక్కోసారి లోపలి ఒత్తిడికి కర్ణభేరి చిట్లి చీము బయటికి వస్తుంది. అప్పుడు నొప్పి ఒక్కసారిగా తగ్గుతుంది. పిల్ల నిద్రపోతుంది, తగ్గిపోయిందనుకుని మనం మరిచిపోతాం. నిజానికి డాక్టరు దగ్గరికి తప్పకుండా వెళ్లాల్సిన రోజు అదే. రెండు వారాలు దాటి చీము కారుతుంటే దాన్ని దీర్ఘకాలిక చీము కింద లెక్కిస్తారు. శుభ్రమైన నూలుగుడ్డను వత్తిలా చుట్టి, చెవి ముందు భాగంలో పెట్టి, తడిసినప్పుడల్లా మార్చుతూ రోజుకు మూడుసార్లు పొడిగా తుడవాలి. చెవిలో దూది పెట్టి మరిచిపోకూడదు. స్నానంలో నీరు పోకుండా వ్యాజిలిన్ రాసిన దూదిని కాసేపు అడ్డం పెట్టి, తర్వాత తీసేయాలి. కాలువ ఈత మానిపించాలి. రంధ్రం ఉన్న చెవిలో కొన్ని రకాల చుక్కలు లోపలి చెవినే దెబ్బతీయగలవు. కాబట్టి పక్కింటి వాళ్ల సీసా మన పిల్లకు పనికిరాదు.

డాక్టరు చుక్కలు రాస్తే సీసాను అరచేతిలో కాసేపు పట్టుకుని చలి పోగొట్టండి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, మూడేళ్ల లోపువాళ్లకు దొప్పను మెల్లగా కిందికీ వెనక్కీ, పెద్ద పిల్లలకు పైకీ వెనక్కీ లాగితే నాళం తిన్నగా అవుతుంది. చుక్కలు వేశాక అలాగే మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచండి.

చీము దుర్వాసన వేస్తుంటే ఆలస్యం వద్దు. మధ్య చెవిలో చర్మం పెరిగి ఎముకలను తినేసే జబ్బు కావచ్చు, దానికి ఆపరేషనే మందు. ఈ గదికి పైన ఉన్న పలుచటి ఎముక పలక మీదే మెదడు ఉంటుంది. ముఖాన్ని కదిలించే నరం ఈ గది గోడలోంచే వెళుతుంది. చెవి వెనక వాపు వచ్చి దొప్ప ముందుకు పొడుచుకొచ్చినా, మూతి ఒక పక్కకు వంకర పోయినా, మెడ బిగిసినా, వాంతులూ విపరీతమైన తలనొప్పీ మొదలైనా, పిల్ల మగతగా ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.

నొప్పి లేని చెవుడు

అన్నిటికంటే ఎక్కువగా మన కన్నుగప్పేది ఇదే. జలుబు తగ్గినా మధ్య చెవిలో ద్రవం నిలిచిపోతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, చీము కారదు. వినికిడి మాత్రం పాతిక డెసిబెల్స్ మేర తగ్గుతుంది. గుసగుసలు, దూరం నుంచి పిలుపులు, తరగతి గదిలో వెనక బెంచీకి వచ్చే మాటలు అందవు. పిల్ల టీవీ సౌండ్ పెంచుతుంది, ఏమిటీ అని మళ్లీ మళ్లీ అడుగుతుంది, వెనక నుంచి పిలిస్తే పలకదు. శ్రద్ధ లేదని బడిలో, మొండిదని ఇంట్లో మాటలు పడుతుంది. పిల్లలను మందలించే ముందు చెవి చూపించండి. ఇందులో చాలావరకు మూడు నెలల్లో తగ్గిపోతుంది, ఆ మూడు నెలలూ ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచరును అడగండి, ఎదురుగా ఉండి మాట్లాడండి. అప్పటికీ తగ్గకపోతే కర్ణభేరిలో చిన్న గొట్టం అమర్చడం, అవసరమైతే అడినాయిడ్లు తీయడం లాంటి చికిత్సలున్నాయి. అంగిలి చీలికతో పుట్టిన పిల్లల్లో దాదాపు అందరికీ ఈ ద్రవం చేరుతుంది, ఎందుకంటే యూస్టేషియన్ నాళాన్ని తెరిచే కండరం అంగిలిలోనే ఉంది. అంగిలి చీలికకు ఆపరేషన్ చేయించే తల్లిదండ్రులు చెవుల పరీక్ష కూడా అడగాలి.

చప్పుడు

పెద్ద చప్పుడు వినగానే మధ్య చెవిలోని చిన్న కండరం బిగుసుకుని ఎముకల కదలికను తగ్గిస్తుంది. కానీ అది బిగుసుకునేలోపే టపాసు పేలి అయిపోతుంది, గంటల తరబడి మోగే డీజే ముందు అలసిపోతుంది. దెబ్బ లోపలి చెవిలో శబ్దాన్ని పసిగట్టే రోమకణాలకు తగులుతుంది, అవి మళ్లీ పుట్టవు. పేలిన చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటే టపాసుల అమ్మకాన్ని నిబంధనలు నిషేధించాయి. పెళ్లి ఊరేగింపులో, వినాయక నిమజ్జనంలో, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో పిల్లలను భుజాన వేసుకుని వెళ్లండి, సంతోషమే. స్పీకర్ల పెట్టెల పక్కన మాత్రం నిలబడకండి. ఫోన్‌కు ఇయర్‌ఫోన్లు పెట్టుకునే పిల్లలకు 75 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. పక్కన కూర్చున్న మీకు కూడా ఆ పాట వినిపిస్తోందంటే సౌండ్ ఎక్కువైనట్టే.

పుట్టినప్పుడే పరీక్ష

కొందరు పిల్లలు దొప్ప చిన్నదిగానో, నాళం మూసుకుపోయో పుడతారు. గ్రహణం నాడు తల్లి ఏదో చేసిందని ఆమెను నిందించకండి, దానికీ దీనికీ సంబంధం లేదు. అలాంటి చాలామంది పిల్లల్లో లోపలి చెవి బాగానే ఉంటుంది. ఎముక ద్వారా శబ్దం పంపే పరికరంతో నెలల వయసులోనే వినిపించవచ్చు. చెవి చూడడానికి బాగున్నా వినికిడి లేకుండా పుట్టేవారూ ఉన్నారు. మేనరికపు పెళ్లిళ్లున్న కుటుంబాల్లో ఆ అవకాశం ఎక్కువ. నెల లోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లో నిర్ధారణ, ఆరు నెలల్లో చికిత్స మొదలు కావడం మంచి పద్ధతి. రెండేళ్లకు మాటలు రాకపోతే, వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయని ఎదురుచూడకండి.

ఎక్కడికి వెళ్లాలి

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షించాలి. చెవుడు, చెవిలో చీము రెండూ వాళ్ల జాబితాలో ఉన్నాయి. ఆ రోజు పిల్లను బడి మాన్పించకండి. చెవి గురించి మీకున్న అనుమానాన్ని ఆశా కార్యకర్తకో టీచరుకో ముందే చెప్పండి. కోదాడ ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించాక అవసరమైతే సుమారు 45 కిలోమీటర్ల దూరంలోని సూర్యాపేటకు వెళ్లవచ్చు. 2019లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీ, దాని ఆసుపత్రి అక్కడ ఉన్నాయి. ఇంకా పెద్ద సమస్యలకు హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. వినికిడి పరీక్షలకు, మాటల శిక్షణకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

పిల్లల్లో వచ్చే వినికిడి లోపంలో 60 శాతం నివారించదగిందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ నివారణలో మన వంతు ఖర్చుతో కూడినది కాదు. ఈ రోజే ఒక చిన్న పని చేయండి. పిల్ల ఆటలో ఉన్నప్పుడు వెనక నిలబడి, మామూలు గొంతుతో, ఒకసారి పేరు పెట్టి పిలవండి. పలికితే సంతోషం. రెండు మూడు రోజులు వరసగా చూసినా పలకకపోతే కోప్పడకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.